నేరం వేళ్లది కాదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఇంటర్ కుర్రాడు ముచ్చటపడి కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటార్ ఏడాది తిరక్కుండా అటకెక్కిందంటే, ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: వాడికి ఓపిక లేదు. చివరికి వాడూ అదే నమ్ముతాడు. వేళ్లు బొబ్బలెక్కాయి, శ్రుతి నిలవలేదు, పై మెట్ల మీద ఏది పట్టినా అపస్వరమే పలికింది, కాబట్టి తనకు సంగీతం రాదనుకుంటాడు. అదే గిటార్‌ను పని తెలిసినవాడు ఒకసారి చేతిలోకి తీసుకుంటే వేరే కారణాలు చెబుతాడు. తీగలు మెట్లకు మరీ ఎత్తులో ఉన్నాయి. నెక్ వంగింది. డబ్బాలో వచ్చిన తీగలే తుప్పు పట్టి ఇంకా ఉన్నాయి. వీటిలో ఏదీ కుర్రాడి ఓపికకు సంబంధించింది కాదు. ఒక పూట పని, నాలుగైదు చిన్న పనిముట్లు. ఆ పని ఇంట్లోనే చేసుకోవచ్చని అతనికి చెప్పిన వాళ్లు లేరు, అంతే.

విచిత్రమేమిటంటే, ఈ వాయిద్యం ఇప్పుడున్న రూపు దిద్దుకున్నది ఒక రిపేరు మనిషి చేతిలో. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో రిపేరు దుకాణం తెరిచిన లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. చివరిదాకా నేర్చుకోనూ లేదు. పాడైన వస్తువును విప్పి, చెడిన ముక్క తీసి కొత్తది వేయడం మాత్రం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. 1950లో ఆయన బజారుకు తెచ్చిన గిటార్ (టెలీకాస్టర్ అనే పేరు ఆ తర్వాత స్థిరపడింది), 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆ బుర్రలోంచి పుట్టినవే. అప్పటిదాకా పేరున్న తయారీదారుల్లో చాలామంది నెక్‌ను జిగురుతో అతికించేవారు. ఫెండర్ నాలుగు స్క్రూలతో బిగించాడు. నెక్ పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జ్ మీద ఆరు తీగలకు ఆరు శాడిళ్లు (తీగ కొస ఆనే చిన్న ముక్కలు). ప్రతిదాన్నీ విడిగా పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరపొచ్చు. ఆ స్క్రూలు అలంకారానికి పెట్టినవి కావు, వాయించేవాడు తిప్పుకోవాలని పెట్టినవి.

నెక్ లోపల దాగి ఉండే ఉక్కు కడ్డీ అంతకన్నా పాతది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ కంపెనీ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ 1921లో దానికి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు, 1923లో వచ్చింది. ట్రస్ రాడ్ అనే ఈ కడ్డీ ఎందుకో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 10-46 తీగల సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందాలివి) మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు నెక్‌ను లాగే బలం మొత్తం సుమారు 46 కిలోలు. దాదాపు ఒక సిమెంటు బస్తా బరువు, రాత్రింబవళ్లు, సన్నటి కర్ర మీద. కర్ర ముందుకు వంగుతుంది. కడ్డీ దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి మధ్య సర్దుబాటు కుదిరితేనే గిటార్ చేతికి హాయిగా ఉంటుంది.

ఫ్యాక్టరీలో ఆ సర్దుబాటు చేసే ఉంటారు కదా అనవచ్చు. చేసే ఉంటారు. కానీ తక్కువ ధర గిటార్లలో చాలావరకు ఇండోనేషియాలోనో చైనాలోనో తయారై, కంటెయినర్లలో సముద్రాలు దాటి, గోదాముల్లో నెలల తరబడి పడి ఉండి ఇక్కడికి వస్తాయి. కర్ర తేమను పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలేస్తే కుంచించుకుపోతుంది. విశాఖ తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తడిగా ఉంటుంది. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఎండి పిడచకట్టుకుపోతుంది. ఏసీ గదిలో రోజూ రాత్రి ఒక రుతువు, పగలు ఇంకో రుతువు. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లు దీన్ని తట్టుకుంటుంది, నెక్ అంతగా తట్టుకోలేదు. కాబట్టి సెటప్ అనేది కొన్నప్పుడు ఒక్కసారి చేయించి మరిచిపోయే పని కాదు. వానలు మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి చూసుకోవాల్సిన పని. ప్రతిసారీ దుకాణానికి మోసుకెళ్లడం ఎవరికీ కుదరదు. ఇంట్లో నేర్చుకోవాలనడానికి మొదటి కారణం ఇదే.

పనికి ఒక వరస ఉంది. ముందు కొత్త తీగలు వేసి శ్రుతి చేయాలి, తర్వాత నెక్ వంపు, ఆ తర్వాత తీగల ఎత్తు, చివర ఇంటోనేషన్ (పై మెట్ల మీద కూడా స్వరం సరిగ్గా పలికేలా సర్దడం). వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది, ఎందుకంటే ముందుది కదిలితే తర్వాతది దానంతటదే చెడుతుంది. తీగల మందం మార్చినా అంతే. 9-42 సెట్ లాగే బలం సుమారు 38 కిలోలు. దాన్ని తీసి 10-46 వేస్తే ఎనిమిది కిలోలు అదనం. నెక్ ఇంకాస్త వంగుతుంది, స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ అయితే ముందుకు లేస్తుంది. మందం తీగలైతే ధ్వని గట్టిగా ఉంటుందని స్నేహితుడు చెప్పగానే మార్చేసి, గిటార్ పాడైందని బెంగపడే వాళ్ల సమస్య ఇది.

నెక్ పూర్తిగా తిన్నగా ఉండాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. తీగ కదిలేటప్పుడు దాని ఊపు నడిమి భాగంలో ఎక్కువ. నెక్ గీత గీసినట్టుంటే తీగ మెట్లకు తగిలి గరగర శబ్దం చేస్తుంది. అందుకే లేశమాత్రం వంపు ఉంచుతారు. ఫెండర్ కంపెనీ ఇప్పటి మోడళ్లకు చెప్పే కొలత 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. చూసే పద్ధతి తేలిక. మొదటి మెట్టు దగ్గర క్యాపో (తీగలను నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి మెట్టు దగ్గర లావు తీగను వేలితో నొక్కాలి. అప్పుడు ఆ తీగే తిన్నని కొలబద్ద అవుతుంది. ఏడెనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎంత సందుందో చూడాలి. పావు మిల్లీమీటరు కొలవడానికి విదేశీ పనిముట్లు తెప్పించుకోనక్కర్లేదు. మోటారు సైకిల్ ట్యాపెట్లు సర్దడానికి మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్ ఆటోనగర్‌లోనూ రాణిగంజ్‌లోనూ దొరుకుతుంది. అదీ లేకపోతే 10-46 సెట్‌లో అన్నిటికన్నా సన్నటి తీగ మందం సరిగ్గా 0.010 అంగుళమే. తీగలు మార్చినప్పుడు మిగిలిన కొసను దాచుకుంటే కొలబద్ద ఉచితం.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్టును కుడివైపుకు బిగించాలి, తక్కువుంటే ఎడమవైపుకు వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ చూడాలి. జనం భయపడేది ఇక్కడే, ఆ భయంలో సగం న్యాయమైనదే. నట్టు మొరాయిస్తే బలం చూపించకూడదు. తీగలు కాస్త వదులు చేసి ప్రయత్నించాలి, అప్పటికీ కదలకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ను వెతుక్కోవాలి. కానీ ఈ దేశంలో ట్రస్ రాడ్లు పాడవడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలో తయారైన ఫెండర్లలో చాలావాటికి కావాల్సిన ఆలెన్ కీ 1/8 అంగుళంది, అంటే 3.175 మిల్లీమీటర్లు. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే సెట్లు ఎక్కువగా మిల్లీమీటర్లవి. 3 మిల్లీమీటర్ల కీ అందులో దూరుతుంది, తిరుగుతున్నట్టే ఉంటుంది, నట్టు లోపలి మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత ఏ కీ వేసినా జారుతుంది. కడ్డీ తిప్పడం వల్లే కాదు, తప్పు కీ వల్ల కూడా గిటార్లు పాడవుతాయి.

తీగల ఎత్తు సంగతి ఇంకా సులువు. స్టీలు స్కేలు, చిన్న ఆలెన్ కీ చాలు. పిల్లల జామెట్రీ బాక్స్‌లోని స్కేలు మాత్రం పనికిరాదు, దాని సున్నా అంచు నుంచి మొదలవదు. చదునైన నెక్ ఉన్న ఫెండర్‌కు 17వ మెట్టు దగ్గర 1.6 మిల్లీమీటర్లు, గిబ్సన్‌కు 12వ మెట్టు దగ్గర లావు తీగకు సుమారు 2, సన్న తీగకు 1.2 మిల్లీమీటర్లు కంపెనీలు చెప్పే కొలతలు. ఇవి మొదలుపెట్టడానికే. గట్టిగా మీటేవాడికి కొంచెం ఎత్తు కావాలి, మృదువుగా వాయించేవాడికి ఇంకా దిగినా ఫర్వాలేదు. అమెరికన్ బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ లావాటి తీగలు ఎత్తుగా పెట్టుకునే వాయించాడు కాబట్టి తానూ అలాగే కష్టపడాలనుకునే కొత్తవాడికి చెప్పాల్సింది ఏమిటంటే, ఆయన గిటార్‌ను అర స్వరం దించి శ్రుతి చేసేవాడు, పైగా ఆయన వేళ్లు వేరు. తీగలు దించాక గరగర వినిపిస్తే గిటార్‌ను ఆంప్లిఫయర్ (ఆంప్)లో పెట్టి వినాలి. ఆంప్‌లో వినిపించని గరగరను పట్టించుకోనక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆంప్ లేకుండా చెవి దగ్గర పెట్టుకుని దోషాలు వెతకడం ఒక జబ్బు.

అసలు ఆసక్తికరమైన చోటు ఇంటోనేషన్. 12వ మెట్టు తీగను సరిగ్గా సగానికి కోస్తుంది, కాబట్టి అక్కడ పై స్థాయి స్వరం రావాలి. కానీ తీగను మెట్టుకు నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. ఆ పెరుగుదలను సరిపెట్టడానికే శాడిల్‌ను వెనక్కి జరిపి తీగను పిసరంత పొడుగు చేస్తారు. 12వ మెట్టు మీద వేలు తేలిగ్గా ఆనించి పలికించిన హార్మోనిక్‌నూ, అదే మెట్టు నొక్కి పలికించిన స్వరాన్నీ ట్యూనర్ మీద పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు. తొలినాటి టెలీకాస్టర్లలో రెండేసి తీగలకు ఒక్కో శాడిల్ చొప్పున మూడే ఉండేవి, కాబట్టి ప్రతి జతలోనూ ఏదో ఒక తీగ రాజీ పడాల్సిందే. గిబ్సన్ 1954లో ఆరు శాడిళ్ల ట్యూనోమాటిక్ బ్రిడ్జ్ తేవడం, అదే ఏడాది స్ట్రాటోకాస్టర్ కూడా ఆరు శాడిళ్లతో రావడం చూస్తే ఆ బాధ రెండు కంపెనీలకూ తెలిసిందని అర్థమవుతుంది.

ఇంత చేసినా గిటార్ పూర్తి శ్రుతిలో ఉండదు. ఉండలేదు. కర్ణాటక సంగీతం విన్న తెలుగు చెవికి ఇది మిగతావారికన్నా ముందే తెలుస్తుంది. తంబురా మీద నిలిచే అంతర గాంధారం షడ్జమానికి 386 సెంట్ల (సెంట్ అంటే అర స్వరంలో నూరో వంతు) దూరంలో ఉంటుంది; పన్నెండు సమాన భాగాల లెక్కతో మెట్లు కొట్టిన గిటార్ మీద అది 400. ఆ 14 సెంట్ల తేడా వినపడి, ఈ మేజర్ కార్డ్ బాగాలేదని మూడో తీగను దించుతాడు శిష్యుడు. ఆ కార్డ్ తియ్యగా పలుకుతుంది, పక్క కార్డ్ చెడుతుంది. మళ్లీ పెంచుతాడు. ఈ గొడవలో గిటార్ తప్పు లేదు, చెవి తప్పు అసలే లేదు. ట్యూనర్ చెప్పింది నమ్మి వాయించడం ఒక్కటే దారి.

వీణతో పోల్చి చూస్తే గిటార్ ఎంత సులువైందో తెలుస్తుంది. వీణకు 24 మెట్లు, వాటిని మైనంలో కూర్చి, ఒక్కొక్కటీ చెవితో శ్రుతి చూసుకుంటూ సర్దుతారు. మేళం కట్టడం అంటారు దాన్ని. మైనం సడలితే మెట్లు కదులుతాయి, మళ్లీ కట్టించాలి. దశాబ్దాలుగా వాయించే విద్వాంసులు కూడా అందుకోసం తయారీదారుల దగ్గరికే వెళ్తారు. అది నిజంగా నిపుణుల పని. గిటార్ మెట్లు ఫ్యాక్టరీలో యంత్రం కొట్టిన కోతల్లో ఎప్పటికీ కదలకుండా ఉంటాయి. వాయించేవాడికి మిగిలింది తీగ కొసను స్క్రూతో జరపడమే. వీణ విషయంలో ఉండాల్సిన భక్తిని తీసుకొచ్చి గిటార్ స్క్రూల ముందు చూపిస్తున్నారు మనవాళ్లు.

చిన్నాచితకా పనులు చాలా ఉన్నాయి, వాటికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వాయించాక పొడి గుడ్డతో తీగలు తుడిస్తే తీరప్రాంతంలో కూడా అవి ఎక్కువ రోజులు నిలుస్తాయి. శ్రుతి నిలవకపోతే ట్యూనింగ్ కీల్ని తిట్టే ముందు, నెక్ పై కొసన తీగలు ఆనే నట్ గాడుల్లో పెన్సిల్ ముక్కు రుద్ది చూడాలి. తీగ అక్కడ ఇరుక్కుని టక్కుమని జారడమే చాలాసార్లు కారణం. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్‌కు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక చుక్క లెమన్ ఆయిల్ చాలు, వార్నిష్ వేసిన మేపుల్‌కు అదీ వద్దు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం పూయకూడదు, జిడ్డు చేరి దుమ్ము పడుతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే బరబర అంటుంటే కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి పది ఇరవైసార్లు తిప్పితే చాలావరకు పోతుంది. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా లేపితే ధ్వని పెరుగుతుందనుకుంటారు. నిజానికి పికప్‌లోని అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వంకర చేస్తుంది. సింగిల్ కాయిల్ పికప్‌లో వినిపించే గుయ్‌మనే రొద మన 50 హెర్ట్జ్ కరెంటుది, అది గిటార్ జబ్బు కాదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగక తప్పదు. తీగలు ముట్టుకోగానే రొద తగ్గితే అది మామూలే. ముట్టుకోగానే చిమచిమలాడితే మాత్రం వెంటనే ప్లగ్గు పీకేయాలి. బ్రిటిష్ బ్యాండ్ యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లోనే, ఎర్తింగ్ సరిగా లేని పరికరాలతో గిటార్ వాయిస్తూ షాక్ కొట్టి చనిపోయాడు. స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్లీ హార్వీ 1972లో స్వాన్సీలో వేదిక మీద ఎర్తింగ్ లేని మైకును ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. మన పాత ఇళ్లలో, అద్దె గదుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా లోపల ఎర్త్ వైరు ఉండకపోవడం కొత్త కాదు. మూడో పిన్ను పట్టక రెండు పిన్నుల అడాప్టర్‌తో ఆంప్ నడిపే వాళ్లు ఇంకా ఉన్నారు. గిటార్ సెటప్‌లో మొట్టమొదటి పని తీగలు మార్చడం కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించడం. వాల్వ్ ఆంప్ మూత విప్పడం కూడా ఇంటి పనుల్లోకి రాదు. ప్లగ్గు తీశాక కూడా అందులో కెపాసిటర్లు ప్రాణం తీసేంత ఓల్టేజీ పట్టుకుని ఉంటాయి. అరిగిన మెట్లు సానబెట్టడం, నట్ గాడులు లోతు చేయడం కూడా పని నేర్చినవాడికే వదలాలి. కోసిన దాన్ని మళ్లీ అతికించలేం కదా.

చెయ్యి పెడితే విలువ పోతుందనే వాదన ఒకటి దుకాణాల్లో వినిపిస్తుంది. చరిత్ర దానికి ఎదురు చెబుతోంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్క్‌లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్‌కు నెక్కులు మార్చాడు, పికప్‌లు మార్చాడు, చెక్కకు కొత్త రంధ్రాలే చేయించాడు. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో అది 39,75,000 డాలర్లకు పోయింది, అప్పటికి గిటార్లలో అదే రికార్డు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే వాయించే రెడ్ స్పెషల్ గిటార్‌ను అతనూ వాళ్ల నాన్నా 1963లో మొదలుపెట్టి ఇంట్లోనే చేశారు. నెక్ పాత నెగడు గూటి చెక్క, ట్రెమొలో స్ప్రింగులు పాత మోటారు సైకిల్ ఇంజన్‌వి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల పద్ధతిని వదిలి ఒంటి తీగలతో, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాడు. వాయిద్యం తన సంగీతానికి లొంగాలని కోరుకున్నాడాయన. అది అపచారమని ఇవాళ ఎవరంటారు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలను ముందు వరసలో పెట్టింది. ఫోను విప్పడానికి చట్టం సాయం కావాలి. గిటార్‌కు ఆ అవసరం రాలేదు. దానికి తాళం వేసిన కంపెనీ లేదు, విడిభాగాలు దొరుకుతాయి, కొలతలను కంపెనీలే బహిరంగంగా ప్రకటిస్తాయి. ఇంత తెరిచి ఉంచిన వస్తువును వాడేవాళ్లే మూసి పెట్టుకున్నారు. వీధికో ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న రాష్ట్రాల్లో, మెకానికల్ బ్రాంచి కుర్రాళ్ల బ్యాండ్ పావు చుట్టు తిప్పడానికి భయపడి కాలేజీ ఫెస్ట్‌లో గరగరల మధ్యే వాయించడం కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

ఇందులో శిక్షణ ఇచ్చేవారి బాధ్యత ఎక్కువ. గ్రేడ్ పరీక్షలకు స్కేళ్లు, కార్డులు వల్లె వేయించే తరగతుల్లో తీగలు మార్చడం, వంపు చూడటం, ఇంటోనేషన్ సరిచేయడం మొదటి నెలలోనే నేర్పాలి. రెండు తరగతులు పడుతుంది, అంతకు మించదు. దుకాణదారులు గిటార్‌ను డబ్బాలోంచి తీసి, సెటప్ చేసి, ఆ కొలతలు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. కొనేవాళ్లు అడగాలి, ఇవ్వకపోతే ఇంకో దుకాణం చూసుకోవాలి. పిల్లాడికి గిటార్ కొనే తల్లిదండ్రులు ఎఫెక్ట్ పెడళ్ల మీద పెట్టే డబ్బులో కొంత ఒక అదనపు తీగల సెట్, స్టీలు స్కేలు, సరైన కొలతల ఆలెన్ కీల మీద పెట్టాలి. ఇప్పటికే అటక మీద ఒక గిటార్ ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని దించి, కొత్త తీగలు వేసి, నెక్ వంపు కొలిచి చూడండి. ట్రస్ రాడ్ కీ చాలా గిటార్లతో పాటు డబ్బాలోనే ఇస్తారు, పారేయకుండా ఉంటే అందులోనే ఉంటుంది.